పక్షి వైపు చప్పుడు

బిష్కెక్ ఊరి చివర, ఇనుప కంటెయినర్ల బజారులో, రిపేరు వరస కొసన నీలం రంగు కొట్టు ఒకటుంది. పొద్దుగుంకాక ఎంత తొందర పనున్నా సరే, జనం పక్క వరసలోంచి చుట్టు తిరిగి పోతారు గానీ దాని ముందునుంచి నడవరు.

కారణం ముసలి సమూదిన్. రేడియోలు బాగుచేసేవాడు. ఒక చలికాలం రాత్రి తలుపు బిగించుకుని, బొగ్గుల కుంపటి పక్కన పెట్టుకుని లోపలే పడుకున్నాడు. పొగ కమ్మింది. లేచి తలుపు దాకా వచ్చాడు... కానీ గడియ మంచుకి బిగుసుకుపోయింది. కొట్టాడు. కొడుతూనే ఉన్నాడు. పక్క కొట్లలో పడుకున్నవాళ్లు గాలికి రేకు కొట్టుకుంటోందనుకుని ముసుగు తన్నేశారు.

తెల్లారి తలుపు విరగ్గొడితే ముసలాయన దానికి ఆనుకుని కూర్చునే ఉన్నాడట — పిడికిలి ఇంకా ఎత్తే ఉందట.

అప్పటినుంచీ రాత్రిళ్లు ఆ కొట్లో లోపలివైపు నుంచి తలుపు తట్టిన చప్పుడు వస్తుందని పేరు. అందులో చేరినవాడెవడూ చలికాలం దాటి నిలవలేదు.

అలాంటి కొట్టు ఎర్మెక్ తీసుకున్నాడు.

ఎర్మెక్ కంప్యూటర్లు బాగుచేస్తాడు. చెయ్యి మంచిదే... నోరే మంచిది కాదు. దెయ్యమంటే భయం లేకపోగా, దాన్ని పనికి పెట్టుకున్నాడు. చెప్పిన రోజుకి పని కాకపోతే చాలు — "నన్నేం చెయ్యమంటారు అన్నా? రాత్రి అంతా పూర్తిచేసి పెట్టా. సమూదిన్ తాత మళ్లీ విప్పేశాడు" అనేవాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. సగం మంది నవ్వి ఊరుకునేవాళ్లు, సగం మంది భయపడి ఊరుకునేవాళ్లు.

పక్క కొట్టు తురత్‌ది. ఫోన్ల అద్దాలు మారుస్తాడు.

"ఒరేయ్, చచ్చినవాళ్లతో హాస్యాలొద్దురా. వాళ్లకి హాస్యం తెలీదు" అనేవాడు.

"నీకు బతికుండగానే తెలీదుగా!" అనేవాడు ఎర్మెక్.

ఆ గురువారం మధ్యాహ్నం నుంచే మంచు పడుతోంది. కొట్లు కట్టేసే వేళకి ఒక పెద్దావిడ వరసలోకి వచ్చింది. గుండెలకి హత్తుకుని, పైన శాలువా కప్పి దేన్నో మోసుకొస్తోంది. అడుగులో అడుగేసుకుంటూ, జారిపోతానేమోనని చూసుకుంటూ... చంటిబిడ్డ కాబోలు అనుకున్నాడు ఎర్మెక్.

దగ్గరికొచ్చాక చూస్తే — ల్యాప్‌టాప్. మూత తెరిచే ఉంది. శాలువా కింద తెర వెలుగుతోంది.

"మూయకు నాయనా," అంది రాగానే. "మూస్తే అంతా పోతుందన్నారు. బస్సులో కూడా ఇలాగే పట్టుకొచ్చాను. ముందు కరెంటు పెట్టు... బ్యాటరీ అయిపోవస్తోంది."

ఆవిడ పేరు సైరాగుల్. ఆ యంత్రం ఆవిడ కొడుకు తిలెక్‌ది. బడిలో కంప్యూటర్ పాఠాలు చెప్పేవాడు. పోయిన చలికాలంలో కనుమ దారిలో మంచు చరియ విరిగి అతని కారు మీద పడింది. ఏడాది కావస్తోంది.

అతను బతికుండగా అందులో రెండు సిస్టమ్‌లు పెట్టుకున్నాడు. ఆన్ చేస్తే తెరమీద రెండు వరసలు వస్తాయి, ఏది నొక్కితే అది తెరుచుకుంటుంది. ఒకటి అందరూ వాడే విండోస్. రెండోది పెంగ్విన్ బొమ్మ ఉండే లినక్స్. సైరాగుల్‌కి ఆ పేర్లు నోరు తిరగవు. 'కిటికీ వైపు' అంటుంది, 'పక్షి వైపు' అంటుంది.

"కిటికీ వైపు నత్తలా పాకుతోందని, తీసేసి మళ్లీ కొత్తగా ఎక్కిస్తానన్నాడు మా కోడలి తమ్ముడు. నిన్న మొదలుపెట్టాడు. సగానికొచ్చి ఆగింది... ఇంక కదలదు. వాడు భయపడి ఇంటికి పారిపోయాడు."

"పారిపోక ఏం చేస్తాడు అపా? మిమ్మల్ని చూస్తే నాకే భయంగా ఉంది" అన్నాడు ఎర్మెక్. అక్కడ పెద్దావిడల్ని 'అపా' అనే పిలుస్తారు.

ఆవిడ ఆ మాట పట్టించుకోలేదు.

"కిటికీ వైపు పోతే పోనీ. పక్షి వైపు మాత్రం జాగ్రత్త నాయనా. అందులో మా వాడి వీడియో ఒకటుంది. ఒక్కటే ఉంది. నా అరవయ్యో పుట్టినరోజు పండగలో నా గురించి నాలుగు మాటలు చెప్పాడు." గొంతు తగ్గించింది. "మొహం ఫొటోల్లో చూసుకుంటున్నాను. గొంతే... మర్చిపోతున్నాను."

ఎర్మెక్ తెర చూశాడు. చుక్కలు గుండ్రంగా తిరుగుతున్నాయి. ఎంత శాతమైందో చూపే అంకె మాత్రం అక్కడే ఉంది. ఎక్కించడానికి గుచ్చిన పెన్‌డ్రైవ్ పీకేశాడు. మీట గట్టిగా నొక్కి పట్టుకుని యంత్రం ఆపేశాడు. ఆవిడ గుండె పట్టుకుంది.

"పోలేదులెండి," అని మళ్లీ ఆన్ చేశాడు.

రెండు వరసలు వచ్చాయి.

"పక్షి... పక్షి నొక్కు."

నొక్కాడు. తెర నల్లబడింది. చాలాసేపు నల్లగానే ఉంది. తర్వాత మెల్లగా... ఒక మొహం తేలింది. మంచులో నిలబడి, చెవుల టోపీ పెట్టుకుని, పళ్లన్నీ కనిపించేలా నవ్వుతున్న కుర్రవాడు.

సైరాగుల్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

బొమ్మ అలాగే ఉండిపోయింది. బాణం గుర్తు కదలదు. ఏ మీట నొక్కినా పలకదు. అప్పుడు యంత్రం లోపలినుంచి చప్పుడు వచ్చింది.

టక్... టక్‌టక్.

కాసేపాగి — టక్... టక్‌టక్.

ఎర్మెక్‌కి అదేమిటో తెలుసు. డిస్క్ చస్తోంది. లోపల తిరిగే పళ్లెం మీద రాసింది చదివే ముల్లు దారి తప్పి, వెనక్కి పోయి, మళ్లీ వచ్చి కొట్టుకుంటోంది. కోడలి తమ్ముడి పని సగంలో ఆగిందీ అందుకే. ఇప్పుడు చెయ్యాల్సింది ఒక్కటే. వెంటనే ఆపేయాలి. డిస్క్ ఊడదీసి ఇంకో యంత్రానికి తగిలించి, కిటికీ సంగతి గాలికొదిలేసి, పక్షి వైపున్నది ముందు కొంచెం కొంచెంగా తోడుకోవాలి. ఆలస్యం చేసినకొద్దీ ఆ ముల్లు గీరిన చోటల్లా పోతుంది. ఇదంతా అతనికి కంఠతా వచ్చు. చేతిలో స్క్రూడ్రైవర్ కూడా ఉంది.

"ఏమిటా చప్పుడు?" అంది ఆవిడ.

గుమ్మంలో తురత్ నిలబడి చూస్తున్నాడు. ఎర్మెక్ అతనికేసి కన్ను గీటాడు. నోటిదాకా వచ్చిన మాట మింగడం అతనికి పుట్టుకతోనే చేతకాదు.

"మీవాడే అపా," అన్నాడు గుసగుసగా. "తలుపు కొడుతున్నాడు. ఈ కొట్లో చచ్చినవాళ్లు తడతారని మీరు వినలేదూ?"

నవ్వుతుందనుకున్నాడు. లేదంటే, 'పో, వెధవా' అని తిడుతుందనుకున్నాడు.

ఆవిడ నవ్వలేదు. స్టూలు లాక్కుని కూర్చుంది. తలగుడ్డ పక్కకి జరిపి, చెవి యంత్రానికి ఆనించింది.

"తిలెక్?"

టక్... టక్‌టక్.

ఆవిడ కళ్లనుంచి నీళ్లు ధారగా కారిపోయాయి.

రెండు నిమిషాలు విననీ, తర్వాత చెబుదాం అనుకున్నాడు ఎర్మెక్. తను తురత్ కొట్లోకి పోయి కడుపు పట్టుకుని నవ్వాడు. టీ తాగాడు. తురత్ మాత్రం కప్పు ముట్టుకోలేదు.

"వెళ్లి చెప్పరా. పాపం తగుల్తుంది."

"చెబుతాలే! ఎంత మురిసిపోతోందో చూడు. ఏడాదిలో ఇంత సంతోషం ఎవడిచ్చాడు ఆవిడకి?"

పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం.

టీ అయ్యాక వచ్చి మీట మీద చెయ్యి వేశాడు. ఆవిడ టక్కున మణికట్టు పట్టుకుంది. ముసలి చెయ్యే గానీ ఇనుప పట్టు.

"ఏడాదిగా వాడు పలకలేదు నాయనా. ఇవాళ పలికాడు. మొహం మీద తలుపేస్తావా?"

చెప్పాల్సిన సమయం అదే. కానీ నిజం చెప్పాలంటే ముందు అబద్ధం ఒప్పుకోవాలి. ఆ తడి కళ్లలోకి చూస్తూ, వెనకనుంచి తురత్ చూస్తుండగా... ఎర్మెక్‌కి నోరు రాలేదు. ఊరికే వాగే నోరు, కావలసినప్పుడు మూతపడింది.

"సరే అపా... కాసేపే" అన్నాడు.

ఆవిడ కళ్లు తుడుచుకుని అటూ ఇటూ చూసింది.

"ఇవాళ గురువారం కదూ? నీ దగ్గర పొయ్యి ఉందా?"

గురువారం పొద్దువాలాక పోయినవాళ్ల పేరున నూనె కాచి బోర్సోక్ అనే పిండి ముక్కలు వేయించడం ఏ ఇంట్లోనైనా ఉన్నదే. వాళ్లు తినరు. వాసనే వాళ్లకి తిండి. ఆ వాసన పట్టుకునే వాళ్లు ఇల్లు గుర్తుపడతారు. "ఇంటికెళ్లి పెడదామనుకున్నా," అంది సైరాగుల్. "వాడిక్కడుంటే ఇంట్లో ఎందుకు?"

వరస మొదట్లో టీ కొట్టామెని అడిగి పిండి ముద్ద, నూనె తెచ్చుకుంది. ఎర్మెక్ కరెంటు పొయ్యి మీద మూకుడు పెట్టింది. చిన్న చిన్న ముక్కలు కోసి నూనెలో వేస్తూ, ఒక్కో ముక్కకీ పేరు పెట్టి పిలిచింది. "తిలెక్... రా నాయనా. తిలెక్... ఇదిగో."

తురత్ మొహం పాలిపోయింది. ఎర్మెక్‌ని గుమ్మం బయటికి లాగాడు.

"ఒరేయ్! పరాయి కొట్లో పేరు పెట్టి వాసన పెట్టిస్తున్నావ్... వచ్చినవాడు ఎక్కడికి పోతాడ్రా?"

"ఎక్కడికి పోతే మనకేం? వేడివేడి బోర్సోక్‌లు దొరికాయి" అని రెండు నోట్లో వేసుకున్నాడు ఎర్మెక్.

ఆఖరి బస్సు పోయింది. తురత్ ఇంటికి పోయాడు. ఎర్మెక్ అట్టపెట్టెల మీద ముడుచుకుని పడుకున్నాడు. మెలకువ వచ్చినప్పుడల్లా ఆవిడ మాట వినిపించేది. ఆవు ఈనిందనీ, కోడలు మళ్లీ నవ్వడం నేర్చుకుందనీ, కుక్కకి కాలు నయమైందనీ కొడుక్కి చెబుతోంది. చెప్పి ఆగుతుంది. టక్... టక్‌టక్. "ఊఁ" అంటుంది. మళ్లీ చెబుతుంది.

తెరమీద కుర్రవాడు నవ్వుతూనే ఉన్నాడు. చప్పుళ్ల మధ్య ఎడం పెరుగుతోంది.

తెల్లవారుతుండగా లోపల ఏదో కిర్రుమని గీసుకుంది — చెవులు మూసుకోవాలనిపించేంత గట్టిగా. తెర ఆరిపోయింది.

"పడుకున్నాడు," అంది సైరాగుల్.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఎర్మెక్ అప్పుడు డిస్క్ విప్పాడు. అద్దంలా మెరవాల్సిన పళ్లెం మీద గుండ్రంగా చార. చార చుట్టూ నల్లటి పొడి. ఊదితే ఎగిరిపోయేంత పొడి.

"పక్షి వైపు?" అందావిడ.

"అది కూడా పోయింది అపా. పాత యంత్రం..."

ఆవిడ ఆ నల్లపొడి కేసి చాలాసేపు చూసింది. శాలువా కప్పుకుని లేచింది. డిస్క్‌ని అక్కడే వదిలేసి, ఖాళీ ల్యాప్‌టాప్ మూత మూసి, చంకలో పెట్టుకుని పోయింది. వరస మొదట్లో తురత్ ఆవిణ్ణి ఆపి ఏదో చెప్పడం ఎర్మెక్‌కి కనిపించింది. చాలాసేపు చెప్పాడు. ఆవిడ తల వంచుకుని విన్నది. వెనక్కి తిరిగి మాత్రం చూడలేదు.

తర్వాతి గురువారం ఎర్మెక్ బంధువుల పెళ్లికి పోయి కొట్టు తెరవలేదు.

"నిన్న రాత్రి లోపల చప్పుడైందని కాపలావాడు చెప్పాడురా," అన్నాడు తురత్ మర్నాడు. వేళాకోళం లేదు ఆ గొంతులో.

"సమూదిన్ తాతకి నేను లేక తోచలేదేమో!" అన్నాడు ఎర్మెక్. కానీ నవ్వు సగంలోనే ఆగింది.

ఆ పై గురువారం సాయంత్రం సైరాగుల్ వచ్చింది. చేతిలో సంచి. గుమ్మంలోనే నిలబడింది.

"పోయిన గురువారం మా ఇంట్లో వాసన పెట్టాను. వాడు రాలేదు," అంది. "ఏడాదిగా ప్రతి గురువారం వచ్చేవాడు. గడియ కదిలేది. కుక్క లేచి తోక ఊపేది. మొన్న కుక్క తలైనా ఎత్తలేదు."

ఎర్మెక్ చేతిలో పని పక్కన పెట్టాడు. ఇన్నాళ్లకి మాట బయటపడింది.

"అపా... అది డిస్క్ చప్పుడు. మీవాడు కాదు. హాస్యానికన్నాను. అబద్ధం చెప్పాను."

"తెలుసు. ఆ పొద్దున్నే నీ స్నేహితుడు చెప్పాడు."

"మరి...?"

"నువ్వు అబద్ధానికి పిలిచావు. నేను నిజంగానే పిలిచాను కదా నాయనా! పేరు పెట్టి, వాసన పెట్టి పిలిచాను. నీ హాస్యాలు వాడికేం తెలుసు? అమ్మ పిలిచిందని వచ్చాడు. ఇప్పుడు ఇంటిదారి మర్చిపోయాడు."

సంచి గుమ్మంలో దించింది. లోపల పిండి, నూనె సీసా.

"నీ కొట్లో ఉన్నాడు. నువ్వే పెట్టాలి."

వెళ్లబోయి ఆగింది. తిట్టలేదు. శపించలేదు. తిట్టి ఉంటే ఎర్మెక్‌కి కాస్త ఊపిరాడేది.

"ఇంకోమాట. రాత్రిళ్లు కళ్లు మూసుకుని వాడి గొంతు గుర్తు తెచ్చుకుంటాను. పిలుస్తాడేమోనని చూస్తాను. 'టక్... టక్‌టక్' అని వినిపిస్తోంది. ఇంక వేరే ఏదీ రావడం లేదు."

ఆవిడ వెళ్లిపోయింది. ఎర్మెక్ ఆ సంచి ముట్టుకోలేదు. కొట్టుకి తాళం వేసి, మంచులో పడుతూ లేస్తూ ఇంటికి పోయాడు.

అన్నం సహించలేదు. భార్య బురుల్ ఏమైందని అడిగితే తలనొప్పన్నాడు. దీపం ఆర్పారు. పసిపాప ఉయ్యాల గోడవార ఉంది.

టక్... టక్‌టక్.

"వేడినీళ్ల గొట్టాలు," అంది బురుల్ నిద్రమత్తులో. "రేపు ఎవర్నైనా పిలవాలి."

టక్... టక్‌టక్. ఉయ్యాల దగ్గర్నుంచే. గోడలోంచా? గోడ ఇవతల నుంచా?

పాప ఏడవలేదు. కళ్లు తెరిచి, తల పక్కకి తిప్పి, ఎవరో ఆడిస్తున్నట్టు కిలకిలా నవ్వింది.

ఎర్మెక్ చొక్కా మీద కోటు కూడా సరిగ్గా వేసుకోలేదు. పరుగు... పరుగు. బజారు గేటు దగ్గర కాపలావాడు అరుస్తున్నా ఆగలేదు. రిపేరు వరసలో మనిషి జాడ లేదు. కొసన నీలం కొట్టు ముందు మాత్రం ఎవరో బోర్లించిన పెట్టె మీద కూర్చుని ఉన్నారు. భుజాల మీద మంచు పేరుకుంది.

సైరాగుల్.

అతన్ని చూసి లేచి పక్కకి జరిగింది, తలుపు తీసుకోవడానికి దారిస్తున్నట్టు. ఎర్మెక్ తాళం తీశాడు. లోపల యంత్రాలన్నీ ఆపేసి ఉన్నాయి. తిలెక్ డిస్క్ బల్లమీద రెండు ముక్కలుగా పడి ఉంది. దానికి తీగ లేదు, కరెంటు లేదు.

ఇద్దరూ ఊపిరి బిగబట్టారు.

టక్... టక్‌టక్.

ఆవిడ కళ్లు మూసుకుంది. మొహం మెత్తబడింది.

"ఆఁ... వాడే. నూనె పెట్టు. ఆకలి మీదున్నాడు."

ఆ తర్వాత ప్రతి గురువారం ఇదే తంతు. ఆవిడ గుమ్మంలో కూర్చుని వింటుంది. ఎర్మెక్ పిండి కోసి నూనెలో వేస్తాడు. ఒక్కో ముక్కకీ పేరు పెట్టి పిలుస్తాడు. ఖాతాదారులెవరైనా "ఈ కొట్లో దెయ్యముందటగా?" అని నవ్వితే, చేతిలో పని ఆపి, "మెల్లగా మాట్లాడండి" అంటాడు. అంతకన్నా ఏమీ అనడు. తురత్ ఒకటి రెండుసార్లు తొంగి చూశాడు. అతనికి నూనె చిటపటలు తప్ప ఏ చప్పుడూ వినపడలేదు. ఇద్దరికీ మతి పోయింది, ఆవిడకి దుఃఖంతో, వీడికి భయంతో — అనుకుని ఊరుకున్నాడు.

అలా చలికాలం పోయి మళ్లీ చలికాలం వచ్చింది.

ఒక గురువారం ఆవిడ రాలేదు. తురత్ కొట్టు కట్టేసి పోతూ నీలం తలుపు దగ్గర ఆగాడు. లోపల నూనె మరుగుతోంది. ఎర్మెక్ ఎవరితోనో మెల్లగా చెబుతున్నాడు —

"మీ అమ్మకి ఒంట్లో బాగాలేదు తిలెక్. జలుబు, అంతే. వచ్చే గురువారం తప్పకుండా వస్తుంది..."

 సోమవారమే ఆవిణ్ణి మట్టిలో పెట్టారు. తురత్ వెళ్లాడు. ఎర్మెక్ కూడా వెళ్లాడు. ఇద్దరూ చేతులారా మట్టి వేసి వచ్చారు.

వీడు మళ్లీ అబద్ధం చెబుతున్నాడు... చచ్చినవాడికే!

తలుపు తోసి నాలుగు తిట్టాలని చెయ్యెత్తాడు తురత్. అప్పుడు — మొదటిసారి — అతనికీ వినిపించింది.

టక్... టక్‌టక్.

చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. కొంచెంసేపు ఏమీ లేదు. తర్వాత, దాని పక్కనుంచే, ముసలావిడ వేళ్లతో తట్టినట్టు నెమ్మదిగా... ఇంకో చప్పుడు.

లోపల నూనె మరుగుతూనే ఉంది. ఎర్మెక్ మాత్రం ఇంక మాట్లాడలేదు.